చిలిపితనంలో పనితనం: రోమ్ ఫౌంటెన్ల కథ

1651 జూన్ నెల. రోమ్ నగరంలోని పియాజ్జా నవోనా అనే పెద్ద చౌకులో మూడేళ్ళుగా సాగుతున్న పని ముగింపుకొచ్చింది. చుట్టూ దడి కట్టి, మంచెలు వేసి, శిల్పి జాన్ లొరెంజో బెర్నినీ కట్టించిన నాలుగు నదుల ఫౌంటెన్‌ను అందరికంటే ముందు చూడడానికి పోప్ పదవ ఇన్నోసెంట్ పరివారంతో వచ్చాడు. ఆ ఖర్చంతా ఆయన పేరు మీదే జరిగింది. చాలాసేపు తిరిగి తిరిగి చూసి మెచ్చుకుని, మరి నీళ్ళెప్పుడు పడతాయని అడిగాడు. దానికింకా సమయం పడుతుంది ప్రభూ, ఏర్పాట్లు చేయాలి, వీలైనంత త్వరలో చేస్తానన్నాడు బెర్నినీ. పోప్ కాస్త నిరాశ పడ్డా ఆశీర్వదించి వెనుదిరిగాడు. దడి ద్వారం దాకా వెళ్ళాడో లేదో వెనక హోరుమన్న చప్పుడు. తిరిగి చూస్తే రాళ్ళ సందుల్లోంచి నాలుగు వైపులా నీళ్ళు దూకుతున్నాయి. ఈ సంతోషంతో నా ఆయుష్షు పదేళ్ళు పెంచావని పోప్ పొంగిపోయి, పనివాళ్ళకు పంచమని అప్పటికప్పుడు డబ్బు తెప్పించాడట. ఈ సంగతి రాసింది బెర్నినీ జీవితచరిత్ర రచయిత బాల్దినూచ్చీ.

ఇందులో నన్ను ఆకట్టుకునేది పోప్ మురిపెం కాదు, ఆ మురిపెం వెనక ఉన్న ఏర్పాటు. నీళ్ళు అడిగిన క్షణంలో రావు. గొట్టాలన్నీ ముందే నిండి ఉండాలి. కవాటం దగ్గర మనిషి కనబడకుండా కాచుకుని ఉండాలి. పోప్ ఆశీర్వాదం పూర్తయి, అడుగులు వేసి, చూపు పక్కకు మళ్ళిన తర్వాతే సైగ అందాలి. అర నిమిషం ముందైతే అది మామూలు ప్రారంభోత్సవం. అర నిమిషం ఆలస్యమైతే పోప్ బండెక్కి వెళ్ళిపోతాడు. రాతిని చెక్కినంత శ్రద్ధగా బెర్నినీ ఆ నిమిషాన్ని కూడా చెక్కాడు. రోమ్ ఫౌంటెన్ల చుట్టూ తర్వాతి మూడున్నర శతాబ్దాల్లో జరిగిన చిలిపి పనులనూ నిరసనలనూ నేను ఈ కొలతతోనే చూస్తాను. చేసినవాడికి నీటి గుణం తెలుసా, రాతి గుణం తెలుసా, సమయం తెలుసా అన్నదే నా ప్రశ్న.

అసలు ఆ పని బెర్నినీ చేతికి రావడమే ఒక ఎత్తుగడతో జరిగింది. సెయింట్ పీటర్స్ చర్చి మీద ఆయన కట్టిన గంటల గోపురం వల్ల కట్టడంలో పగుళ్ళు వచ్చాయన్న ఆరోపణతో 1646లో దాన్ని విప్పేశారు. కొత్త పోప్ దగ్గర పలుకుబడి పోయింది. ఫౌంటెన్ నమూనాలు అడిగిన జాబితాలో ఆయన పేరే లేదు. అప్పుడు ఆయన అభిమాని అయిన లుదోవీసీ ప్రభువు ఒక నమూనా చేయించుకుని, పోప్ భోజనం ముగించి నడిచి వెళ్ళే దారిలోని గదిలో పెట్టించాడు. పోప్ దాన్ని చూసి ఆగిపోయాడు. బెర్నినీకి పని ఇవ్వకూడదనుకునేవాడు అతని నమూనాలు చూడకుండా ఉండాలి అన్నాడని చెబుతారు. వస్తువు తన పక్షాన తానే మాట్లాడగలదన్న ధీమా ఉన్నవాడే అలాంటి ఎత్తు వేస్తాడు.

పైకి చూస్తే ఆ ఫౌంటెన్ ఒక కొండ. కొండ నెత్తిన ఒక గ్రానైట్ స్తంభం. మాక్సెన్షియస్ చక్రవర్తి కాలపు రథాల పందెం మైదానంలో ముక్కలై పడి ఉన్నదాన్ని తెచ్చి, అతికించి, నిలబెట్టారు. పదహారు మీటర్లు దాటిన ఆ రాయి నిలబడింది దేని మీద? ఇక్కడే బెర్నినీ గుండెధైర్యం కనబడుతుంది. కింద ఉన్న ట్రావర్టీన్ రాతి కొండను ఆయన లోపల తొలిచేశాడు. నాలుగు వైపులా గుహల్లా తెరిచాడు. ఒకవైపు నిలబడి చూస్తే కొండలోంచి అవతలి వీధి కనబడుతుంది. అంత బరువు ఖాళీ మీద నిలబడినట్టు కంటికి తోస్తుంది. బరువును మోసేది నాలుగు మూలల్లో వంగి దిగిన రాతి కాళ్ళు. వాటిని ప్రకృతి సహజమైన బండల్లా చెక్కి, మీద తాటిచెట్టు, దాహం తీర్చుకుంటున్న సింహం, గుర్రం పెట్టి, కట్టడపు లెక్కను పూర్తిగా మరుగుపరిచాడు.

ఆ బండల మీద కూర్చున్న నాలుగు నదుల్లో మన గంగ ఒకటి. డాన్యూబ్, నైలు, రియో దె లా ప్లాతా మిగతా మూడు. ఇక్కడ గంగ జటాజూటంలోంచి దూకే తల్లి కాదు, గడ్డంతో కండలు తిరిగిన మగవాడు, చేతిలో పొడవాటి తెడ్డు. యూరప్ శిల్పంలో నదిని వృద్ధ పురుషుడిగా చూపడం ఆనవాయితీ. పడవలు నడిచే పెద్ద నది అని చెప్పడానికి ఆ తెడ్డు. మొదటిసారి చూసిన తెలుగువాడికి ఇది గంగ అని చెబితే నమ్మడం కష్టమే. నైలు నది తల మీద ముసుగు ఉంది, ఆ నది పుట్టుక అప్పటికి యూరప్‌వాళ్ళకు తెలియదు కాబట్టి. ఎదుటి చర్చిని కట్టిన బొర్రోమినీని వెక్కిరించడానికే ఆ ముసుగు పెట్టాడని గైడ్లు చెప్పే కథ నిలవదు. ఫౌంటెన్ 1651లో పూర్తయింది, ఆ చర్చి పని మొదలైంది 1652లో.

ఇంత అందమైన పని జనం కడుపు మీద కొట్టి సాగింది. అవి పంటలు పోయిన సంవత్సరాలు. రొట్టె ధర పెరిగింది. అదే సమయంలో ఫౌంటెన్ ఖర్చు కోసం పన్నులు. చౌకులో దించిన రాతి దిమ్మల మీద రాత్రికి రాత్రి కాగితాలు వెలిసేవి. మాకు స్తంభాలూ ఫౌంటెన్లూ వద్దు, రొట్టె కావాలన్నది వాటి సారాంశం. చెక్కకముందే ఆ రాళ్ళు నిరసన పలకలయ్యాయి. ఎక్కడ అతికించాలో ఆ రాసినవాళ్ళకు బాగా తెలుసు. పోప్ భవంతి గోడ మీద అంటిస్తే కాపలావాళ్ళు క్షణంలో చింపేస్తారు. రాతి దిమ్మ మీద అంటిస్తే, ఆ డబ్బు ఏమవుతోందో చూపించే వస్తువు మీదే అభ్యంతరం కూర్చుంటుంది. బెర్నినీ పనిని ఎంత ప్రేమించినా, ఆ కాగితాల న్యాయాన్ని నేను కాదనలేను.

రోమ్‌వాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. ఆ ఊళ్ళో మాట్లాడే విగ్రహాలని కొన్ని ఉన్నాయి. పాలకుల మీద వ్యంగ్య పద్యాలూ ఫిర్యాదులూ పేరు లేకుండా రాసి వాటికి తగిలించేవారు. వాటిలో ప్రసిద్ధమైనది పస్క్వీనో అయితే, నీళ్ళతో ముడిపడినవీ ఉన్నాయి. లాతా వీధిలోని ఫక్కీనో అంటే పీపా పట్టుకున్న కూలివాడి బొమ్మ. నీళ్ళు మోసి అమ్ముకునేవాడి రూపం. ఆ పీపా రంధ్రంలోంచే నీళ్ళు పడతాయి. 16వ శతాబ్దపు పని. మొహం అరిగిపోయి ముక్కూ నోరూ పోల్చలేం. బబువీనో అనే మరొకటి ఒక వీధి తొట్టి మీద ఒరిగి పడుకున్న సైలీనస్ అనే పురాణ పాత్ర. జనం దాని వికారాన్ని చూసి కోతి అని పేరు పెట్టారు. ఫౌంటెన్ దగ్గరకు ప్రతి ఇంటినుంచీ ఎవరో ఒకరు నీళ్ళకు రావాలి. నిలబడాలి, బిందె నిండేదాకా ఆగాలి. ఆ ఖాళీ క్షణంలో కాగితం చదవక ఏం చేస్తారు? ఊరి బావి దగ్గర కబుర్లు ఎందుకు అంత త్వరగా పాకుతాయో తెలిసిన మనకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

నాలుగు నదుల ఫౌంటెన్ పూర్తయ్యాక పుట్టిన పుకారు ఇంకా బాగుంటుంది. అంత స్తంభం గుహ మీద నిలబడదు, గాలివానకు కూలుతుందని ఊరంతా అనుకున్నారు. గంటల గోపురం పగుళ్ళు గుర్తున్నవాళ్ళకు ఆ భయం సహజమే. ఒకరోజు బెర్నినీ చాలా గాభరా పడుతున్నట్టు వచ్చి, స్తంభాన్ని అటూ ఇటూ చూసి, సన్నటి దారాలు తెప్పించి నాలుగు వైపులా ఇళ్ళ గోడలకు కట్టించి, ఇక భయం లేదని నిబ్బరంగా వెళ్ళిపోయాడని రోమ్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ ఆ మనిషికి సరిగ్గా సరిపోయింది. తన లెక్క మీద నమ్మకం ఉన్నవాడికి వాదించే పని ఉండదు, దారం చాలు. స్తంభం ఇప్పటికీ నిలబడే ఉంది.

ట్రేవీ ఫౌంటెన్‌కు వస్తే అక్కడి చిలిపితనం రాతిలోనే చెక్కి ఉంది. 1732లో నికోలా సాల్వీ పని మొదలుపెట్టాడు. 1751లో ఆయన పోయాడు, ఫౌంటెన్ మాత్రం 1762లో జుసెప్పే పన్నీనీ చేతిలో పూర్తయింది. దాదాపు 26 మీటర్ల ఎత్తు, 49 మీటర్ల వెడల్పు. ఒక భవంతి ముఖభాగం మొత్తాన్ని వేదిక చేసుకుని, నడుమ గూట్లో సముద్రదేవుడు ఓసియానస్, ముందు రెండు సముద్రపు గుర్రాలు. ఒకటి శాంతంగా, ఒకటి తిరగబడుతూ. ఆ ప్రధాన విగ్రహాలు చెక్కింది పియెత్రో బ్రాచ్చీ. చూపంతా వాటి మీదకే పోతుంది గానీ, సాల్వీ ప్రాణం పెట్టింది కింద ఉన్న రాతి గుట్టల మీద అని నా నమ్మకం. నీళ్ళు ఎక్కడ పలచగా జారాలి, ఎక్కడ పొర్లాలి, ఎక్కడ తెల్లటి నురగై విరగాలి అన్నది ఆ గుట్టల గరుకుతనమే నిర్ణయిస్తుంది. వాటి సందుల్లో అత్తి, ద్రాక్ష వంటి దాదాపు ముప్పై రకాల మొక్కలు రాతిలో మొలిచి ఉన్నాయి. భవంతి గోడ కిందికి దిగుతూ దిగుతూ ఎక్కడ కొండరాయిగా మారిందో వేలు పెట్టి చూపలేం.

ఫౌంటెన్ కుడివైపు గట్టు మీద ఒక పెద్ద రాతి పాత్ర ఉంటుంది. మిగతా అమరికతో దానికి పొత్తు కుదరదు. పేకముక్కల్లోని గిన్నె బొమ్మలా ఉంటుందని రోమ్‌వాళ్ళు దాన్ని ‘కప్పుల ఆసు’ అంటారు. ఆ మూల ఒక మంగలి కొట్టు ఉండేదట. పని సాగినన్నాళ్ళూ ఆ మంగలి గుమ్మంలో నిలబడి ఇది బాగాలేదు అది బాగాలేదు అని వంకలు పెడుతుంటే, సాల్వీ విసిగి, సరిగ్గా అతని కొట్టులోంచి ఫౌంటెన్ కనబడకుండా ఆ పాత్ర నిలబెట్టాడని చెబుతారు. ఇలాంటి కథలకు సాక్ష్యం దొరకదు. కానీ ఆ పాత్ర మీది నగిషీ చూడండి. పగ తీర్చుకోవడానికి ఒక మొద్దు రాయి పెట్టినా సరిపోయేది.

నీళ్ళ సంగతి చెప్పకుండా ట్రేవీ గురించి చెప్పడం సగం మాటే. ఇది క్రీ.పూ. 19లో అగ్రిప్పా తవ్వించిన కాలువ నీరు. ‘కన్య నీరు’ అని దాని పేరు. ఊరి బయటి ఊటల నుంచి ఇరవై కిలోమీటర్లకు పైగా, ఎక్కువ భాగం భూమి లోపలే వస్తుంది. ఇంత దూరానికి మొత్తం వాలు నాలుగు మీటర్లే. ఆ వాలును అంత సన్నగా కొలిచి తవ్విన పనివాళ్ళను తలుచుకుంటే నాకు నమస్కారం పెట్టాలనిపిస్తుంది. అయితే అంత తక్కువ వాలుతో వచ్చిన నీటికి పైకి చిమ్మే ఒత్తిడి ఉండదు. అందుకే ట్రేవీ తొట్టి వీధికంటే కిందికి దిగి ఉంది, మెట్లు దిగి వెళ్ళాలి. లోపాన్ని దాచకుండా దాన్నే రంగస్థలంగా మలిచారు.

అదే నీటితో అంతకు వందేళ్ళ ముందే బెర్నినీ తండ్రి పియెత్రో ఇంకా తెలివైన పని చేశాడు. 1627-29 మధ్య స్పానిష్ మెట్ల అడుగున బార్కాచ్చా కట్టాడు. పేరుకు అర్థం పనికిరాని పాత పడవ. ఎగజిమ్మే బలం లేని నీటితో ఫౌంటెన్ ఎలా కడతావంటే, మునుగుతున్న పడవ కడతానన్నాడు. సగం తొట్టిలో దిగిపోయిన పడవ, రెండు వైపుల నుంచీ నీళ్ళు కారుతూ ఉంటుంది. ఇక్కడ నీళ్ళు పైకి లేవనక్కర్లేదు. కారితే చాలు. రోమ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఫౌంటెన్ ఇదే.

ఇక 2007. అక్టోబర్ 19న, రోమ్ సినిమా ఉత్సవం మొదలైన మర్నాడు, జనం కిటకిటలాడుతున్న ట్రేవీ దగ్గర ఒక మనిషి గట్టెక్కి తొట్టిలో ఎర్ర ద్రవం గుమ్మరించి మాయమయ్యాడు. చూస్తుండగానే నీళ్ళు నెత్తురు రంగుకు మారాయి. అక్కడ దొరికిన కరపత్రాల్లో ఉత్సవం ఖర్చు మీద, దాని ఎర్ర తివాచీ మీద విమర్శ ఉంది. సంతకం ఒక ‘ఫ్యూచరిస్టు చర్య’ పేరుతో, ముందు మూడు అక్షరాలు. అవి ఫిలిప్పో తొమ్మాసో మారినెట్టీ పేరులోని మొదటి అక్షరాలు. 1910లో వెనిస్ గడియారపు గోపురం మీదినుంచి, ఈ ఊరు గతంలో కుళ్ళుతోందంటూ కరపత్రాలు కురిపించిన ఫ్యూచరిస్టు కవి ఆయన. రంగు పోసినవాడు గ్రాత్సియానో చెక్కీనీ అని తర్వాత తేలింది. నిఘా కెమెరాల్లో పడ్డాడు.

అధికారులు మొదట భయపడ్డారు, పాలరాతికి మచ్చ పడిందేమోనని. పడలేదు. నీళ్ళు తీసేసి కడిగితే సరిపోయింది. అనుమతి లేకుండా ఊరందరి సొత్తు మీద చేయి వేయడం తప్పన్నవాళ్ళ మాట నేను తోసిపుచ్చను. అయినా పనిగా చూస్తే అందులో ఒక పొదుపు ఉంది. ఒక మనిషి, ఒక పాత్ర, కొన్ని క్షణాలు. మిగతా పనంతా సాల్వీ నీళ్ళే చేసుకున్నాయి. రోజూ చూసి చూసి కంటికి ఆనని నీరు, ఆ పూట ఎక్కడెక్కడ తిరుగుతోందో, ఏ రాతి అంచున ఆగుతోందో ఎర్రగా గీసి చూపించింది. ఎర్రటి నీటి పక్కన తెల్లటి గుర్రాల కండరాలు ఇంకా తెల్లగా లేచి కనబడ్డాయి. ఆ రోజు ఫొటోలు చూసినవాళ్ళు కోపంతో చూసినా సరే, ఫౌంటెన్‌ను చూశారు.

ఈ పద్ధతికి చెక్కీనీ కంటే ముందు ఒక పెద్దమనిషి ఉన్నాడు. అర్జెంటీనా చిత్రకారుడు నికొలాస్ గార్సియా ఉరిబురు. 1968 జూన్‌లో వెనిస్ కళా ప్రదర్శన జరుగుతుండగా, పిలుపు లేకుండా పడవలో వెళ్ళి గ్రాండ్ కెనాల్ నీటిలో ముప్పై కిలోల ఫ్లోరెసీన్ కలిపాడు. కాలువంతా మెరిసే ఆకుపచ్చ. పట్టుకుని ప్రశ్నించారు, హాని లేని పదార్థమని తేలి వదిలేశారు. భూగర్భ జలాలు ఎటు పోతున్నాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు వాడే రంగే అది. నీటి కాలుష్యం గురించి మాట్లాడడానికి, నీటి దారి చూపించే పదార్థాన్నే ఎంచుకున్నాడు. దీనికి నేను లొంగిపోతాను. వస్తువు ఎంపికలోనే సగం వాదన ముగిసిపోయింది.

చెక్కీనీ అక్కడితో ఆగలేదు. 2008 జనవరిలో స్పానిష్ మెట్ల పైనుంచి ఐదు లక్షల రంగురంగుల ప్లాస్టిక్ బంతులు వదిలాడు. 135 మెట్ల మీదుగా అవి ఎగిరి దూకి బార్కాచ్చా పడవ చుట్టూ పోగయ్యాయి. పర్యాటకులు వాటిని ఏరుకున్నారు. ఇది కూడా స్థలం తెలిసినవాడి పనే. ఆ మెట్లు తిన్నగా ఉండవు, వంపులు తిరుగుతూ, నడుమ అరుగుల దగ్గర విడిపోయి మళ్ళీ కలుస్తూ దిగుతాయి. ఫ్రాంచెస్కో దె సాంక్టిస్ 1720ల్లో కట్టినప్పుడు మనుషుల గుంపు అలా పారాలనుకున్నాడు. బంతులు అచ్చంగా అలాగే పారాయి. 2017లో అదే మనిషి ట్రేవీలో మళ్ళీ ఎర్ర రంగు పోశాడు, ఈసారి నగరం అవినీతి మీద. రెండోసారి పదును తగ్గింది. మొదటిసారి ఎర్ర తివాచీకీ ఎర్ర నీటికీ ఉన్న ముడి రెండోసారి లేదు.

అదే బార్కాచ్చాకు 2015 ఫిబ్రవరిలో జరిగింది వేరే. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన ఫుట్‌బాల్ అభిమానులు కొందరు తాగి, సీసాలు విసిరి, కొన్ని నెలల కిందటే బాగుచేసిన పడవ రాతికి పెచ్చులు లేపారు. దాన్ని చిలిపితనమని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది. పడవ అంచు ఎంత పలచగా ఉంటుందో, ఆ పలచదనం కోసం ఉలి ఎన్ని నెలలు ఆచితూచి నడిచిందో వాళ్ళకు తెలియలేదు. రంగు కడిగితే పోతుంది, పోయిన రాతి పెచ్చు తిరిగి రాదు.

2023లో వాతావరణ ఉద్యమకారులు వచ్చారు. ‘చివరి తరం’ అనే బృందం ఏప్రిల్‌లో బార్కాచ్చానూ, మే నెల మొదట్లో నాలుగు నదుల ఫౌంటెన్‌నూ, మే 21న ట్రేవీనీ నీళ్ళలో కలిపిన బొగ్గుతో నల్లగా మార్చింది. శిలాజ ఇంధనాలకు ప్రభుత్వ సొమ్ము ఇవ్వొద్దన్నది వాళ్ళ డిమాండు. ఆ వారమే ఎమీలియా-రొమాన్యా ప్రాంతంలో వరదలు పదిమందికి పైగా ప్రాణాలు తీశాయి. కారణం చిన్నది కాదు. పారిపోకుండా, ముసుగు లేకుండా, నీళ్ళలోనే నిలబడి బ్యానర్ పట్టుకుని పోలీసుల కోసం ఎదురుచూసిన ఆ పిల్లల ధైర్యాన్ని నేను గౌరవిస్తాను. మేయర్ రొబెర్తో గువల్తియేరి ఒక లెక్క చెప్పాడు. ట్రేవీలో ఇప్పుడు అదే నీరు మళ్ళీ మళ్ళీ తిరుగుతుంది కాబట్టి మొత్తం తీసేయాలి. మూడు లక్షల లీటర్లు వృథా. ఎండిపోతున్న భూమి గురించి మాట్లాడేవాళ్ళకు ఆ లెక్క ముందే తెలిసి ఉండాల్సింది.

నా అభ్యంతరం ఇంకొకటి ఉంది. బొగ్గు నలుపు కాంతిని మింగేస్తుంది. నీటి అడుగు కనబడదు, నీటి మీద ఆకాశం సరిగా మెరవదు, గుట్టల మీద నీరు జారే తీరు తెలియదు. పైగా ట్రావర్టీన్ నిండా సన్నటి రంధ్రాలుంటాయి, బొగ్గు పొడి వాటిలో దూరితే తీయడం కష్టం. శాశ్వత నష్టమేమీ జరగలేదు, మంచిదే. కానీ శిలాజ ఇంధనానికి గుర్తుగా నలుపు ఎంచుకున్నవాళ్ళు, ఆ కారణానికి తగిన పదార్థాన్ని మాత్రం ఎంచుకోలేదు. ఉరిబురు పడవలో ఉన్న రంగు వాళ్ళ చేతుల్లో ఉండి ఉంటే, బ్యానర్ చదవకముందే విషయం అర్థమయ్యేది.

2024 జనవరిలో ఇటలీ ఇలాంటి పనులకు ప్రత్యేక చట్టం తెచ్చింది. సాంస్కృతిక సంపదను మురికిచేస్తే పది వేల యూరోల నుంచి, ధ్వంసం చేస్తే అరవై వేల దాకా జరిమానా. చట్టం అంతకంటే సన్నగా తూచలేదు, తూచమని అడగడం కూడా న్యాయం కాదు. ఆ తూకం చూసేవాళ్ళ పని. ట్రేవీ తొట్టిలో జనం వేసే నాణేలు ఏటా పది లక్షల యూరోలు దాటుతాయి, అవి కారితాస్ అనే సేవాసంస్థ ద్వారా పేదల అన్నానికి వెళతాయి. రాజమండ్రి వంతెన మీద రైలు కిటికీలోంచి గోదారమ్మకు రూపాయి వేసే మనిషికి ఆ చేయి తీరు పరిచయమే. ఇన్నోసెంట్ కాలంలో రాతి దిమ్మల మీద రొట్టె కావాలని కాగితాలు అంటించినవాళ్ళు అడిగింది కూడా అన్నమే.